మోసుకొచ్చిన ఇసుక మీద షికారు

విశాఖపట్నం రేవు కడుతున్న రోజుల్లో ఇంజనీర్లు రెండు పాత ఓడలను కావాలనే ముంచేశారు. రేవు ముఖద్వారంలోకి ఇసుక కొట్టుకురాకుండా అడ్డుకట్ట కావలసి వచ్చింది, ఆ మునిగిన ఓడలే అడ్డుకట్ట అయ్యాయి. 1933 డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి రేవును లాంఛనంగా ప్రారంభించి వెళ్లాడు. ఇసుకతో పేచీ మాత్రం ఇప్పటికీ తెగలేదు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగే జనానికీ ఈ పేచీకీ దగ్గరి చుట్టరికమే ఉంది.

తూర్పు తీరంలో ఇసుక ఉన్నచోట ఉండదు. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఒడ్డును ఏటవాలుగా కొడుతూ ఇసుకను ఉత్తరానికి జరుపుకుంటూ పోతాయి. ఈశాన్య గాలులు కొంత వెనక్కి తెస్తాయి గానీ, ఏడాది మొత్తమ్మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ దారికి అడ్డంగా గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసులో జరిగింది ఇదే. 1870ల్లో అక్కడ రేవు పని మొదలయ్యాక దానికి దక్షిణాన ఉన్న మెరీనా మైదానంలా పెరిగింది. ఉత్తరాన రాయపురం ఒడ్డు కరిగిపోయింది. విశాఖ జనం షికారుకు ఎంచుకున్న ఒడ్డు రేవుకు ఉత్తరాన, అంటే నష్టపోయే వైపు ఉంది. అందుకని రేవు కాలువలో పూడిక తీసినప్పుడల్లా ఆ ఇసుకను గొట్టాల ద్వారా ఒడ్డు మీద పోయడం అలవాటుగా మారింది. పిల్లలు పాదం మీద తడి ఇసుక దిమ్మిసకొట్టి, మెల్లగా కాలు లాగి కట్టే పిచ్చుక గూళ్లలో డ్రెడ్జరు తవ్వి తెచ్చిన ఇసుక కూడా ఉంటుంది.

అసలు సముద్రం దగ్గరికి షికారు వెళ్లడమన్నది మన పాత అలవాటు కాదు. రావిచెట్టును శనివారమే తాకాలన్నట్టు, సముద్రాన్ని పర్వదినాల్లోనే తాకాలని పెద్దల నియమం. కార్తీక పౌర్ణమికో, మాఘ పౌర్ణమికో, గ్రహణం విడిచాకో స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని తిరిగొచ్చేవారు. తక్కిన రోజుల్లో ఒడ్డు జాలరులది, వాడబలిజలది. బందరు దగ్గరి మంగినపూడిలో, బాపట్ల దగ్గరి సూర్యలంకలో, భీమిలిలో ఇప్పటికీ పౌర్ణమి స్నానాలకు జనం విరగబడతారు. తెలుగువాడికి రేవు ఉంది, తీరం ఉంది, ఒడ్డు ఉంది. సాయంత్రం కాలక్షేపానికి వెళ్లే చోటుకు మాత్రం మాట లేదు. అవసరం పడినప్పుడు ‘బీచ్’ అని అరువు తెచ్చుకున్నాం. అలవాటూ దాని వెంటే వచ్చింది.

రేవు లేనినాడు ఒడ్డున జరిగే పని వేరు. ఓడలు దూరంగా లంగరేసేవి. సరుకును, మనుషులను ఒడ్డు చేర్చేవి మసులా పడవలు. వాటికి మేకులుండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకులు దిగేసిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి సర్దుకుంటుంది. పైనించి విరిగే కెరటాల మీద ఇలాంటి పడవలో కూర్చుని దిగిన దొరలు ఆ ప్రయాణాన్ని జన్మలో మరిచిపోయి ఉండరు.

దొరలు సముద్రాన్ని వేరే కంటితో చూశారు. ఉప్పునీళ్లు ఒంటికి మంచివని 18వ శతాబ్దం నడిమిలో డాక్టర్ రిచర్డ్ రస్సెల్ పుస్తకం రాసినప్పటినుంచీ ఇంగ్లండులో జనం బ్రైటన్ లాంటి ఊళ్లకు ఎగబడటం మొదలైంది. ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చుకున్నారు. విశాఖ పాత ఊరి ఇరుకు విడిచి ఉత్తరాన మెట్ట మీద, గాలి తగిలే వాల్తేరులో బంగళాలు కట్టుకున్నారు. మద్రాసులో గవర్నర్ గ్రాంట్ డఫ్ 1880ల్లో ఒడ్డు పొడవునా నడకబాట వేయించి, దానికి ఇటలీ ఊళ్ల తరహాలో మెరీనా అని పేరు పెట్టాడు. ఉద్యోగాలకు, చదువులకు, తర్వాత సినిమాలకు మద్రాసు వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది సాయంత్రపు షికారు రుచి చూసింది అక్కడే.

వాల్తేరు ఒడ్డుకు పేరు మాత్రం సన్యాసుల నుంచి వచ్చింది. 1938లో అక్కడ రామకృష్ణ మిషన్ ఆశ్రమం వెలిసింది. రామకృష్ణా బీచ్ కాస్తా జనం నోట్లో నలిగి ‘ఆర్కే’ అయింది. ఆ రెండక్షరాలు ఎవరివో తెలియకుండానే ఏళ్లతరబడి తిరుగుతున్నవాళ్లు బోలెడంతమంది.

నాలుగేళ్లకే ఆ ఒడ్డుకు రావాలంటే జనం జడిసే రోజులొచ్చాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. ఆ యుద్ధకాలపు కాంక్రీటు కాపలా గది ఒడ్డు కోసుకుపోయినప్పుడు ఇసుకలోంచి తల బయటపెట్టిన సందర్భమూ ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇసుకను ముందుగా పట్టించుకున్నది పండితులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రాచార్యుడు సి. మహదేవన్ ఉన్న కాలంలో, 1950ల్లో, అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వచ్చాడు. వాల్తేరు ఒడ్డు ఏయే నెలల్లో కోసుకుపోతుందో, ఎప్పుడు మళ్లీ నిండుతుందో ఆయన, ఇక్కడి సహచరులు కలిసి కొలిచి అచ్చు వేశారు. ఈ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో కనుగొన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకొకదానికి మహదేవన్ అని పేరు నిలిచింది.

మామూలు జనాన్ని ఒడ్డుకు లాగింది మాత్రం సినిమా అనే చెప్పాలి. బాలచందర్ 1978లో తీసిన ‘మరో చరిత్ర’ నలుపు తెలుపు సినిమా. రంగులు లేకుండానే విశాఖ, భీమిలి తీరాలను ఆంధ్రదేశమంతటా ఊరించింది. భీమిలికి అంతకుముందే వయసు ముదిరింది. 17వ శతాబ్దపు డచ్చి వర్తకుల స్థావరం అది, 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. డచ్చివారి పాత సమాధులు ఇంకా అక్కడున్నాయి. రేవుగా దాని వైభవమంతా విశాఖ పట్టుకుపోయాక భీమిలికి మిగిలింది గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, కాస్త ప్రశాంతత. వచ్చేవాళ్లకు కావలసిందీ అదే.

‘మరో చరిత్ర’ వచ్చిన ఏడాదే విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, వుడా, పుట్టింది. బీచ్ రోడ్డు పక్కన పార్కులు, కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాలు, తీగ మీద నడిచే డబ్బాలు ఆ సంస్థ హయాంలోనివి. భీమిలి దారిలో తొట్లకొండ కథ ఇంకా తమాషా. స్థావరానికి చోటు వెతుకుతూ 1970ల్లో నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేస్తే, కొండ మీద బౌద్ధ విహారాల ఆనవాళ్లు కనిపించాయి. సముద్రానికి ఎదురుగా గాలి పీల్చుకుంటూ కూర్చోవడంలో దొరల కంటే, సినిమావాళ్ల కంటే బౌద్ధ భిక్షువులే ముందున్నారన్నమాట.

ఆర్కే బీచ్ రూపు మార్చింది ఓ జలాంతర్గామి. ఐఎన్‌ఎస్ కురుసుర 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది, 31 ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. 91 మీటర్ల ఆ ఉక్కు తిమింగలాన్ని ఒడ్డుకు ఈడ్చుకొచ్చి, ఇసుకలో కట్టిన పునాది మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల గుండ్రటి ద్వారంలోంచి దూరాలంటే తల వంచాలి, ఒక కాలు ముందు వేసి రెండోది లాక్కోవాలి. చీర కట్టుకున్న పెద్దవాళ్లు అక్కడ కాసేపు తటపటాయిస్తారు. అవతల మనిషి పక్కకు తిరిగితే తగిలేంత ఇరుకులో డెబ్బై మందికి పైగా నావికులు రోజులతరబడి ఉండేవారు. చూపించి చెప్పేవాళ్లు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లే కనుక చెప్పడంలో తడబాటు ఉండదు. దగ్గర్లోనే 1971 యుద్ధవిజయ స్తూపం ఉంది. ఆ ఏడాది డిసెంబరు మొదటివారంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి ఎదురుగానే మునిగింది. 2017లో నౌకాదళపు టీయూ-142 విమానం కూడా వచ్చి రోడ్డుకు ఆవలివైపు వాలింది.

మ్యూజియం చూసి బయటికొచ్చినవాళ్లను ఆపేది మురీ మిక్చరు బండి. మురీల్లో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ ముక్కలు, టమాటా, పచ్చిమిర్చి వేసి, కారం చల్లి, నిమ్మకాయ పిండి, స్టీలు గిన్నెలో గరిటె టకటకలాడించి కాగితం పొట్లంలో పోసిస్తారు. ఆలస్యం చేస్తే సముద్రపు గాలికి మెత్తబడిపోతుంది. చూడటానికి ఆటస్థలంలా ఉన్నా ఇక్కడి నీళ్లు నమ్మదగ్గవి కావు. కాలికింద ఇసుకను లాగేసే ఒరవడి ఈత వచ్చినవాళ్లనూ మింగింది. స్నానానికి కాస్త నయమైనది రుషికొండ బీచ్. 2020లో దానికి, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇందుకు 33 ప్రమాణాలు దాటాలి. 2025లో చెత్త, వీధికుక్కల ఫోటోలు గుర్తింపు ఇచ్చే సంస్థ ఉన్న డెన్మార్కు దాకా వెళ్లి ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయింది, శుభ్రం చేశాక తిరిగొచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. ఒక్క పూటలో పార్కుల్లోని చెట్లు నేలకొరిగాయి, బీచ్ రోడ్డు ముక్కలైంది, ఒడ్డు వెనక్కి జరిగింది. రాళ్లు పోశారు, గోడలు కట్టారు. వాటి వెంబడి మళ్లీ ఇసుకా పోశారు.

ఈసారి ఒడ్డు వెంబడి కోస్టల్ బ్యాటరీ అనే చోటు వైపు నడుస్తున్నప్పుడు ఒడ్డున లావుపాటి గొట్టం ఒకటి బూడిదరంగు నీళ్లను ఇసుకతో సహా కక్కుతూ కనిపిస్తే, వాసన అని ముక్కు మూసుకుని పోకండి. కాసేపు ఆగి పిల్లలకు చూపించండి. వాళ్లు రేపు పిచ్చుక గూళ్లు కట్టేది ఆ ఇసుకతోనే.