మోటారు కర్మాగారములకు ప్రభుత్వ సాహాయ్యము

ఆత్మకూరు నుండి దోర్నాలకు పోవు బాట నల్లమల యడవిని దాటుకొని తూర్పు మైదానమునకు దిగును. ఆ కొండల కావలి వైపున మోక్షగుండమను చిన్న గ్రామము కలదు. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడు వరకు అదియు ఆత్మకూరు వలెనే కర్నూలు జిల్లాలోనిది. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఈ గ్రామమునుండియే మైసూరు సీమకు తరలిపోయిరి. వారు ఊరిని విడిచినను ఊరిపేరును విడువలేదు. ఆనకట్టలు కట్టిన యింజనీరుగా విశ్వేశ్వరయ్యగారిని లోక మెరుగును. కాని భారతదేశమున మోటారుబండ్లను భారతీయులే నిర్మింపవలెననియు, ఆ పనికి ప్రభుత్వము అండగా నిలువవలెననియు మొదట పట్టుబట్టినవారిలో ఆయన యొకరని యెరిగినవారు కొందరే.

ఆయన లేవనెత్తిన ప్రశ్న నేటికిని తీరలేదు. స్వదేశమున మోటారుబండ్లను నిర్మించు కర్మాగారములకు ప్రభుత్వము ప్రజాధనమునుండి సాహాయ్యము చేయవలెనా, వలదా? వలదనువారి వాదము సులభముగా బోధపడును. కారెక్కువాడు కలవాడు, పన్ను చెల్లించువాడో, అంగడికి పోయి సబ్బుబిళ్ల కొనుకొను ప్రతివాడును. బస్సు కొరకు గంటలకొలది చెట్టుక్రింద నిలుచువాని సొమ్ముతో కారు నిర్మించువానికి రాయితీ యిచ్చుట యే ధర్మమని వారడుగుదురు. వలెననువారి వాదమును త్రోసివేయదగినది కాదు. ఉక్కు, రబ్బరు, అద్దము, రంగు, విద్యుత్పరికరములు మున్నగువానిని తయారుచేయు అనేక పరిశ్రమలు మోటారు కర్మాగారము చుట్టును పెరుగును. మొదటి యేండ్ల నష్టమును భరించువాడు లేనిదే ఆ విద్య దేశమునకు రాదని వారందురు. ఈ తగవు కేవల తర్కముచే తేలదు. జరిగినదేమో చూడవలెను.

1935లో విశ్వేశ్వరయ్యగారు యూరపు, అమెరికా ఖండములలో పర్యటించి, అచటి మోటారు కర్మాగారములను పరిశీలించి వచ్చి, బొంబాయిలో అట్టిదానిని నెలకొల్పుటకు పథకమును సిద్ధము చేసిరి. అప్పటికి మన దేశమున జరుగుచున్నది నిర్మాణము కాదు, బిగింపు మాత్రమే. జనరల్ మోటార్సువారు 1928 నుండి బొంబాయిలో విదేశపు భాగములను బిగించి బండ్లుగా అమ్ముచుండిరి. విశ్వేశ్వరయ్యగారు ప్రభుత్వమును ఉచితదానము కోరలేదు; వాటాదారుల మూలధనముపై వడ్డీకి కొన్ని సంవత్సరములపాటు పూచీ కోరిరి. 1937లో అధికారమునకు వచ్చిన బొంబాయి కాంగ్రెసు మంత్రివర్గము అందుకు సుముఖమయ్యెను. 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేయుటతో ఆశ యడుగంటెను. పిదప మైసూరు సంస్థానము ముందుకు వచ్చినను, యుద్ధకాలమున ఆంగ్ల ప్రభుత్వము దానిని సాగనీయలేదు. 1942లో బిర్లాల హిందూస్థాన్ మోటార్సు, 1944లో వాల్‌చంద్ హీరాచందు స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్సు తమ దారిని తామే వెదకికొనవలసి వచ్చెను. అందని ఆ సాహాయ్యమున గమనింపదగిన గుణ మొకటి కలదు: దానికి గడువుండెను, మేర యుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప లభించిన సాహాయ్యమునకు ఈ రెండును లేకపోయెను. 1953లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫారసుల ననుసరించి, భాగములను ఇచటనే తయారుచేయు ప్రణాళిక లేని కంపెనీలకు చోటు లేకపోగా, జనరల్ మోటార్సు, ఫోర్డు తమ బిగింపుశాలలను మూసివేసినవి. ఉద్దేశము మంచిదే; భాగముల తయారీ దేశమున వేరూనెను. కాని దిగుమతికి తలుపు మూసిన ప్రభుత్వము, లైసెన్సు విధానముచే లోపలి పోటీకిని తలుపు మూసెను. పోటీ యెరుగనివాడు కొత్త నేర్పవలసిన యగత్యమేమి? మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనానుండి పుట్టిన అంబాసిడరు, 2014లో ఉత్పత్తి నిలిచిపోవు వరకు రూపురేఖలలో పెద్దగా మారలేదు. కొనదలచినవారు సొమ్ము ముందుగా కట్టి యేండ్లకొలది వేచియుండిరి. ఇది ఖజానానుండి వెడలిన సాహాయ్యము కాదు గనుక ఏ బడ్జెట్టులోను కానరాలేదు. అది కొనువాని సంచినుండి వెడలెను.

మారుతీ చరిత్ర వేరు. 1981లో కేంద్రప్రభుత్వము మారుతీ ఉద్యోగ్‌ను స్థాపించి, 1982లో జపానుదేశపు సుజుకీని భాగస్వామిగా చేర్చుకొనగా, 1983 డిసెంబరులో మొదటి కారు వెలువడెను. ఈ కంపెనీకి కూడ సుంకములలో వెసులుబాటు లభించెను. కాని ప్రభుత్వము సాహాయ్యమిచ్చి పక్కకు తొలగలేదు. వాటాదారుగా లోపల కూర్చుండెను. భాగముల తయారీని క్రమముగా ఈ దేశమునకు తేవలెనను షరతు విధించెను. 2007లో తన చివరి వాటాను అమ్మి వెలుపలికి వచ్చెను. ఇచ్చినది తిరిగివచ్చెను, విద్యయు నిలిచెను.

కొరియాదేశ మిదే కాలమున ఏమిచేసెనో చూతము. 1962లో ఆ ప్రభుత్వము సంరక్షణ చట్టము చేసి, పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని నిషేధించెను. ఇంతవరకు మనకును వారికిని భేదము లేదు. భేద మటుపిమ్మట వచ్చెను. 1973లో కొరియా ప్రభుత్వము తన కంపెనీలను స్వదేశపు నమూనాను తయారుచేయుడని, పరదేశములలో అమ్ముడని నిర్బంధించెను. హ్యుందాయ్ పోనీ 1975లో వెలువడి మరుసటి యేటనే ఎగుమతి కాసాగెను. 1981లో ప్రభుత్వము కియా కంపెనీని కార్ల తయారీనుండియే తప్పించి, లారీలకును వ్యానులకును పరిమితము చేసెను. అది కార్లకు మరలుటకు 1987 వరకు ఆగవలసివచ్చెను. ఇట్టి కాఠిన్యము అన్నివేళల మంచిదని మేమనము. 1997లో ఆ కియాయే దివాలాతీసి, మరుసటి యేడు హ్యుందాయ్ చేతిలోనికి పోయెను. సాహాయ్యమునకు అలవాటుపడినచో ఏమగునో ఆస్ట్రేలియా చూపినది. దశాబ్దముల పోషణ తరువాత ప్రభుత్వము చేయి వెనుకకు తీయగా, 2017 నాటికి ఫోర్డు, టొయోటా, హోల్డెను మూడును అచట కార్ల నిర్మాణమును మానుకొనెను.

ఆ కియా కంపెనీయే రాయలసీమకు వచ్చుట విధివిలాసము. దానికి పూర్వము మనకొక చేదు అనుభవము కలదు. 2005లో విశాఖపట్టణమునకు ఫోక్స్‌వాగన్ కర్మాగారము వచ్చునను నమ్మకముతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పదునొకండు కోట్ల రూపాయలకు పైగా ఒక మధ్యవర్తి సంస్థకు చెల్లించెను. కర్మాగారము పూనా సమీపమున చాకన్‌కు పోయెను. మన సొమ్ము విషయమై సి.బి.ఐ. దర్యాప్తు జరుపవలసివచ్చెను. తొందరలో ఇచ్చిన చేయి ఎట్లు మోసపోవునో అది మనకు నేర్పినది.

2017 ఏప్రిలులో కియాతో ఒడంబడిక కుదిరెను. తళ్లికోట యుద్ధము పిదప విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండకు సమీపమున, ఎర్రమంచివద్ద, 536 ఎకరముల స్థలమున 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటికి మూడు లక్షల బండ్లను తయారుచేయగల కర్మాగారము లేచెను. 2019 జనవరిలో పరీక్షార్థము మొదటి కారు వెలువడెను. డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగెను. 2023 జూలైలో పదిలక్షలవ బండి బయటికి వచ్చెను. రాష్ట్రము భూమి, నీరు, పన్ను రాయితీలు సమకూర్చెను. వేరుసెనగ యెండిన యేట బెంగుళూరుకు కూలికి పోవు సీమలో ఇట్టి కర్మాగారము నిలుచుట సామాన్యము కాదు. దానిని తేలికచేసి మాటాడువారితో మేమేకీభవింపము.

అయినను ఆ నీరెచ్చటిదో ఆత్మకూరువారు మరువలేరు. శ్రీశైలము జలాశయపు వెనుకనీటిని మల్యాలవద్ద ఎత్తిపోసి, హంద్రీ-నీవా కాలువ గొల్లపల్లి జలాశయమునకు చేర్చును. కర్మాగారమునకు నీరచటినుండియే అందును. కర్మాగారము త్రాగునది కాలువనీటిలో స్వల్పమే కావచ్చును. కాని ఆ జలాశయము క్రింద 1981 ప్రాంతమున కర్నూలు, మహబూబునగరు జిల్లాల గ్రామములు సుమారు నూరు మునిగిపోయెను. ఆత్మకూరు సమీపమున సంగమేశ్వరాలయము నేటికిని నీరు తగ్గిన నెలలలోనే వెలుపలికి కానవచ్చును. నిర్వాసిత కుటుంబములవారికి ప్రభుత్వోద్యోగము లిచ్చుటకై 1986లో 98వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడెను. దాని యమలుకొరకు వారు దశాబ్దముల తరబడి అర్జీలు పెట్టుకొనుచు వచ్చిరి. కంపెనీతో చేసిన ఒడంబడిక రెండేండ్లు నిండకమునుపే కారై వెలువడెను. నీటికి ఊళ్లనిచ్చినవారితో చేసిన ఒడంబడిక మాత్రము కాగితమున ముసలిదయ్యెను. ఈ దోషము కంపెనీది కాదు. పెద్దవానికిచ్చిన మాటకు గడువు వ్రాసికొని, పేదవానికిచ్చిన మాటకు వ్రాసికొనని ప్రభుత్వములది.

కావున మా యభిప్రాయమిది. సాహాయ్యము చేయరాదనుట తప్పు. విశ్వేశ్వరయ్యగారికి నిరాకరించిన దొరతనము మనకు పదేండ్ల విద్యను పోగొట్టెను. అడిగినంతయు ఇచ్చి ఊరకుండుటయు తప్పు. అంబాసిడరు దానికి సాక్షి. ఈ దేశమునకు ఎటులైనను వచ్చు కంపెనీకొరకు రాష్ట్రములు ఒకరిపై నొకరు పాటపాడిన, దేశమునకు కలుగు లాభము లేదు. స్థలము మాత్రము మారును. ఆ స్థలము వెనుకబడిన సీమయైనపుడే ఆ వ్యయమునకు సమర్థన కలదు. అపుడు కూడ ఆ సీమవారికి ఏమి దక్కెనన్నదే గీటురాయి. ఉద్యోగములలో నూటికి 75 స్థానికులకీయవలెనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 జూలైలో చట్టము చేసెను. ఇట్టి షరతు ఒడంబడికకు ముందు వ్రాసికొనవలసినదే గాని, కర్మాగారము లేచిన పిదప తలచుకొనవలసినది కాదు. పైగా కాపలాకును ఊడ్చుటకును సీమబిడ్డలను పెట్టి నూటికి 75 అని లెక్క చూపవచ్చును. యంత్రము నడుపు విద్య, దానిని దిద్దు విద్య, తుదకు దానిని నిర్మించు విద్య వారికి ఎన్నేండ్లలో అబ్బవలెనో ఒడంబడికలోనే వ్రాయవలెను.

ఇచ్చు ప్రతి రూపాయకు గడువుండవలెను. నెరవేరని షరతుకు సొమ్ము తిరిగి రావలెను. ఏటేట లెక్క తెలుగులో అచ్చై గ్రామ పంచాయతీ గోడపై కానరావలెను. మోటారుబండి నెన్నడు నెక్కని మెట్టరైతు ఈ వ్యాపారమున పెట్టుబడిదారుడే. వాటాదారునకు ఏటేట లెక్క చెప్పుట కంపెనీల ధర్మము. ఈ వాటాదారునకును లెక్క చెప్పుట ప్రభుత్వముల ధర్మము. ఆ లెక్క చెప్పగల ప్రభుత్వము సాహాయ్యము చేయవచ్చును. చెప్పజాలని ప్రభుత్వము ముందు 98వ ఉత్తర్వును తీర్చి, పిదప కొత్త ఒడంబడికల మాట తలపెట్టుట మేలు.