చెవి డొప్ప వాచిందా? ‘తగ్గిపోతుందిలే’ అని వదిలేయొద్దు

బంతి తగిలినా, బైక్ మీద నుంచి పడినా చెవి డొప్ప మెత్తగా ఉబ్బుతుంది. నొప్పి తగ్గగానే చాలామంది పట్టించుకోరు. అసలు ముప్పు అక్కడే ఉంది. డొప్పలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు. దానిపై ఉండే పొర నుంచే పోషణ అందాలి. ఆ రెండింటి మధ్య రక్తం చేరితే మృదులాస్థి చచ్చుబడి, చెవి శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే ఈఎన్‌టీ డాక్టర్‌తో రక్తం తీయించుకోండి. ఇంట్లో సూదితో గుచ్చొద్దు.

మరి ఇలా జరిగితే?

• పురుగు దూరితే: పుల్లతో గెలకొద్దు. చీము కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా నూనె పోయొద్దు.

• బటన్ బ్యాటరీ ఇరుక్కుంటే: చుక్కల మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

• దురద, చెవి లాగితే నొప్పి: ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇయర్‌బడ్స్ వాడటం ఆపండి. షుగర్ ఉన్నవారు ఆలస్యం చేయొద్దు.

• తమ్మె తెగితే: శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి, కుట్లు వేయించుకోండి.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. మిగతా చోట్ల జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి. తలకు కూడా దెబ్బ తగిలినా, రక్తం ఆగకపోయినా 108కి ఫోన్ చేయండి.