రేడియో నియంత్రిత నమూనా విమానపు రెక్క

భూమిపై నిలుచున్న వ్యక్తి రేడియో తరంగాల ద్వారా నడిపే చిన్న విమానాన్ని రేడియో నియంత్రిత నమూనా విమానం అంటారు. దాని రెక్కను సాధారణంగా తేలికైన బాల్సా కర్రతో రెండు సగాలుగా నిర్మించి, మధ్యలో అతుకుతారు. ఫోమ్‌తో అచ్చుపోసిన రెక్కలు నేడు విరివిగా లభిస్తున్నప్పటికీ, రెక్క బలం ఎక్కడినుండి వస్తుందో తెలియాలంటే కర్ర రెక్కను కూర్చి చూడవలసిందే. భారతదేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో నమూనా విమానాల తయారీ ఒక అంశం.

ఆకృతి

నేర్చుకొనేవారి విమానాలకు క్లార్క్ వై వంటి, అడుగు చదునుగా ఉండే ఎయిరోఫాయిల్ అనుకూలం. దీనిని 1922లో అమెరికాకు చెందిన వర్జీనియస్ క్లార్క్ రూపొందించాడు. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్‌ను దాటిన విమానపు రెక్క కూడా ఇదే ఆకృతి కలది. దీని గరిష్ఠ మందం రెక్క వెడల్పులో 11.7 శాతం. ముందంచు నుండి 30 శాతం దాటిన తరువాత అడుగుభాగం సమతలంగా ఉండటం వలన రెక్కను నేరుగా బల్లపైనే నిర్మించవచ్చు. ముందంచు మాత్రం బల్లను తాకదు కనుక దాని కింద సన్నని చెక్కముక్కలను ఆనించాలి.

సగాల నిర్మాణం

వంకరలేని బల్లపై పూర్తి పరిమాణపు పటాన్ని పరచి, జిగురు అంటకుండా పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పుతారు. రెక్క పొడవునా సాగే సన్నని దూలమైన స్పార్‌ను గుండుసూదులతో నిలిపి, దానిపై రిబ్‌లను నిలబెట్టి, పై స్పార్‌ను, ముందు వెనుక అంచులను అతికిస్తారు.

ఎగిరేటపుడు రెక్క పైకి వంగుతుంది. అపుడు పై స్పార్ నొక్కుడుకు, కింది స్పార్ లాగుడుకు లోనవుతాయి. ఈ రెంటినీ కలుపుతూ రిబ్‌ల నడుమ అతికించే పలుచని బాల్సా పలకలను షియర్ వెబ్‌లు అంటారు. వీటి చెక్క పోగులు నిలువుగా ఉండాలి. పని త్వరగా ముగించాలని వీటిని వదిలివేసేవారు ఉన్నారు గాని, అది ఎంతమాత్రం తగదు. 2 కిలోల విమానం 60 డిగ్రీలు వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే రెక్కపై 4 కిలోల భారం పడుతుంది. డైవ్ నుండి ఒక్కసారిగా పైకి లాగితే ఇంకా ఎక్కువ. వెబ్‌లు లేని పై స్పార్ ఆ భారానికి పక్కకు ఉబ్బి విరుగుతుంది.

సగాలను కలపడం

వంచే బలం రెక్క మధ్యలోనే అత్యధికం. అందువలన స్పార్‌ల నడుమ ప్లైవుడ్ బద్దను దూర్చి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీతో అతుకుతారు. క్షణాలలో పట్టే సూపర్ జిగురు ఇక్కడ పనికిరాదు. కోణం సరిచూసుకొనే వ్యవధి ఇవ్వదు.

రెక్క కొనలు పైకి లేచి ఉండే ఈ కోణాన్ని డైహెడ్రల్ అంటారు. ఒక పక్కకు ఒరిగిన విమానం తిరిగి సమతలానికి రావడానికి ఇది తోడ్పడుతుంది. ఉదాహరణకు ఒక్కొక్క సగం 750 మి.మీ. పొడవుండి, ఇరువైపులా 3 డిగ్రీల చొప్పున కోణం కావాలనుకుందాం. ఒక సగాన్ని బల్లపై చదునుగా బిగిస్తే రెండవదాని కోణం 6 డిగ్రీలు అవుతుంది. సైన్ 6 డిగ్రీల విలువ 0.1045 కనుక దాని కొన కింద సుమారు 78 మి.మీ. ఎత్తు పెట్టాలి. త్రికోణమితి ఎందుకని అడిగే విద్యార్థులకు చూపదగిన లెక్క ఇది.

పైపొర, మెలిక

ఆపై వేడికి అంటుకొని బిగుసుకొనే ప్లాస్టిక్ పొరను చిన్న ఇస్త్రీపెట్టెతో అంటిస్తారు. పొర ఒకవైపు ఎక్కువగా బిగిస్తే రెక్క మెలిపడి, విమానం ఒక పక్కకే ఒరుగుతుంది. రెక్కను వెనుకనుండి కంటి ఎత్తున పట్టి చూస్తే మెలిక తెలుస్తుంది. రెక్కను వ్యతిరేక దిశలో కొద్దిగా మెలిపెట్టి పట్టుకొని, పొరను మళ్ళీ వేడిచేసి చల్లారనిస్తే అది సరిపడుతుంది.