కాంటెస్సా రేకు: మేడ్చల్ షెడ్డులో ఒక పాత కారు

వెనకాల వినిపిస్తున్న టక్ టక్ చప్పుడుకి ముందే క్షమించమని అడుగుతున్నా. ఈరోజు నేను మేడ్చల్ లో, నాగపూర్ హైవే పక్కన ఒక డెంటింగ్ షెడ్డులో కూర్చుని మాట్లాడుతున్నాను. నా ఎదురుగా ఉన్నది మా కాక గారి 1989 కాంటెస్సా క్లాసిక్. శామీర్‌పేటలో ఇంటి వెనక వేపచెట్టు కింద ఎన్నో ఏళ్ళు నిలబడిపోయిన బండి ఇది. దీన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. ఎలా ఎక్కించాలన్న దగ్గరే గొడవ మొదలైంది.

మా కాక కొడుకు, అంటే నా తమ్ముడు, దీన్ని మజిల్ కారు చేద్దామన్నాడు. వెనక మడ్గార్డులు కోసి వెడల్పు చెయ్యాలి, బానెట్ మీద గాలి మూతి పెట్టాలి, మొత్తం నల్లరంగు వెయ్యాలి. కాక మాత్రం "నేను కొన్నప్పుడు ఎట్లుండెనో అట్లనే కావాలె" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఆయన బండి. ఇద్దరి మధ్యలో నన్ను పడేశారు, చరిత్ర చదివినోడివి కదా నువ్వు తేల్చు అని.

సరే, చరిత్రలోకే పోదాం. మజిల్ కారు అన్న మాట పుట్టింది అమెరికాలో. 1964లో పాంటియాక్ కంపెనీ ఒక మధ్యరకం కారులో పెద్ద వీ8 ఇంజన్ పెట్టి జీటీఓ అని అమ్మింది. కుర్రాళ్ళు ఎగబడ్డారు. 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చేసరికి ఆ జోరు చల్లబడింది. మన దగ్గర అలాంటిదేమీ తయారు కాలేదు. అయినా కాంటెస్సాని జనం మన మజిల్ కారు అని పిలుస్తారు. పొడుగు బానెట్, పొడుగు డిక్కీ, ముందు నాలుగు గుండ్రటి లైట్లు, చూస్తే అలాగే ఉంటుంది మరి.

లోపల సంగతి వేరు. ఇది పుట్టుకతో ఇంగ్లీషు బండి. వాక్స్‌హాల్ వాళ్ళు 1970లలో చేసిన వీఎక్స్ కారు అచ్చులు, పనిముట్లు హిందుస్థాన్ మోటార్స్ కొనుక్కుంది, బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి 1984లో కాంటెస్సాగా వదిలింది. మొదట్లో అందులో పెట్టింది అంబాసిడర్ ఇంజనే. 1489 సీసీ, యాభై గుర్రాల బలం. ఎద్దుకి కట్టాల్సిన బండిని మేకకి కట్టినట్టు. తర్వాత జపాన్ ఇసుజు వాళ్ళ 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల డబ్బా వచ్చాక దీనికి ప్రాణం లేచింది. మా కాక బండి అదే. 2002లో తయారీ ఆపేశారు.

అంటే కండ అంతా రేకులోనే ఉంది. అందుకే ఈరోజు మాట్లాడేది కూడా రేకు గురించే.

హైదరాబాద్ కి "నాకు నచ్చినట్టు బాడీ కట్టివ్వు" అనడం కొత్త కాదు. చౌమహల్లా ప్యాలెస్ కి వెళ్ళినవాళ్ళు అక్కడ పసుపురంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించమన్న బండి అది. ఆయన 1911లో పోయారు, బండి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. వెనక సీటు సీటులా ఉండదు, ఎత్తుగా సింహాసనంలా ఉంటుంది. అది రోల్స్ రాయిస్ వాళ్ళు కట్టింది కాదు, లండన్ లోని బార్కర్ కంపెనీ కట్టింది. రెండో ప్రపంచ యుద్ధం దాకా రోల్స్ రాయిస్ అమ్మింది చాసిస్, ఇంజన్ మాత్రమే. పై బాడీ ఎవరితో కట్టించుకుంటావో నీ ఇష్టం. పూర్వం గుర్రబ్బగ్గీలు కట్టినవాళ్ళే ఈ పనిలోకి వచ్చారు.

అదే పద్ధతి బస్సుల్లోనూ నడిచింది. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. స్కాట్లాండ్ ఆల్బియన్ బస్సుల కాలం అది. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్, తర్వాత ఫ్రిజ్‌లు, గడియారాలు, స్కూటర్లతో మనకి తెలిసిన ఆల్విన్ ఉంది కదా, అది కూడా చాసిస్ ల మీద బస్సు బాడీలు కట్టేది. లారీ కొంటే కూడా ముందు వట్టి చాసిస్ వచ్చేది, డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని, ఎండలో తోలుకుంటూ బాడీ షెడ్డుకి తెచ్చేవాడు. ఈ హైవే మీద మీరూ చూసే ఉంటారు.

మా తమ్ముడి ఆలోచన ఆ చాసిస్ కాలానిది. కింద అస్థిపంజరం వేరుగా ఉంటే పైన చొక్కా మార్చినట్టు బాడీ మార్చుకోవచ్చు. కాంటెస్సాకి చాసిస్ లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన డబ్బానే దాని ఎముకలు. మిస్త్రీ ఈ మాట ఒక్క ముక్కలో చెప్పాడు: "సార్, గిది కోస్తే నడుమిరుగుతది."

ఆయన చూపించాడు కూడా. తలుపుల కింద పొడుగునా పోయే పెట్టె లాంటి భాగాన్ని సిల్ అంటారు. వానాకాలం బురద లోపలే ఉండిపోయి తుప్పు పట్టింది. దాన్ని అలాగే కోసేస్తే బండి మధ్యలో వంగుతుంది, తలుపులు మళ్ళీ జన్మలో పడవు. అందుకని ముందు తలుపు ఖాళీలో ఇనుప యాంగిల్స్ అడ్డంగా వెల్డింగ్ చేసి, ఒక పక్క అయ్యాకే రెండో పక్క కోస్తున్నారు.

ఇంకో బాధ కూడా బయటపడింది. చాలా ఏళ్ళ క్రితం ఒక చోట దీనికి "ఫుల్ పెయింటింగ్" చేయించాం. మిస్త్రీ అయస్కాంతం తెచ్చి వెనక మడ్గార్డుకి ఆనించాడు. అంటుకోలేదు. రేకు కుళ్ళితే కొయ్యకుండా దాని మీద లప్పం మందంగా మెత్తేశారన్నమాట. గ్రైండర్ పెడితే వేలు లావు పెచ్చులు రాలాయి. కాక మాట్లాడలేదు, బయటికెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

అమెరికాలో ముస్టాంగ్ కి ఇలాంటిదైతే కొత్త మడ్గార్డు అచ్చుపోసినది డబ్బాలో ఇంటికొస్తుంది, మొత్తం బాడీ కూడా దొరుకుతుంది. మనకి ఆ భాగ్యం లేదు. అట్టముక్క కోసి కొలత తీసుకోవాలి, రేకు మీద గీయాలి, ఇసకసంచి మీద సుత్తితో లోతు తేవాలి, కింద డాలీ పట్టి పైన మెల్లగా కొట్టాలి. వెల్డింగ్ కూడా ఒకేసారి గీత లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారాక మళ్ళీ. ఒక్క మడ్గార్డుకి నాలుగు రోజులు పట్టింది. చివర్లో లప్పం వేస్తారు, కానీ పలచగా, గీతలు పూడడానికి మాత్రమే.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తమ్ముడు దానికే మెత్తబడ్డాడు. 2019 జనవరిలో, కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: కంపెనీ ఇచ్చిన నమూనాకి భిన్నంగా బండిని మార్చకూడదు. రంగు మార్చుకోవచ్చు, ఆర్టీఏకి చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి. 2021లో వింటేజ్ బండ్ల నియమాలు వచ్చాయి, ఏభై ఏళ్ళు దాటిన వాటికి వీఏ అని వేరే నంబరు. అక్కడా షరతు అదే, బాడీ, చాసిస్, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మా బండికి ఏభై నిండేది 2039లో. ఈరోజు మడ్గార్డులు కోస్తే ఆ దారి ఇప్పుడే మూసుకున్నట్టే. ఇక దీని రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది, రెన్యువల్ కి బండిని తీసుకెళ్ళి చూపించాలి. అక్కడ వెడల్పు మడ్గార్డులతో నిలబడి వాదించే ఓపిక నాకు లేదు.

నాకు తమ్ముడి మీద జాలి కూడా ఉంది, నిజం చెప్తున్నా. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది, బర్గర్ ఆకారంలో, బూటు ఆకారంలో కూడా కార్లు చేసిపెట్టారు సుధాకర్ యాదవ్ గారు. చిన్నప్పుడు వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళింది నేనే. రేకుతో ఏదైనా చెయ్యొచ్చని వాడి బుర్రలో పడింది అక్కడే. కాకపోతే అవి ఏమీ లేని చోట నుంచి పుట్టించినవి, ఇది ఇరవై ఏళ్ళు మా ఇంటిల్లిపాదినీ వేములవాడ మోసుకెళ్ళిన బండి.

చివరికి కుదిరింది ఇదీ. బాడీ గీత ఒక్కటీ మారదు. రంగు కాక కొన్నప్పటి తెలుపే. తమ్ముడికి ఇంజన్ గది ఇచ్చాం, అదే ఇసుజు ఇంజన్ పూర్తిగా విప్పి వాడే చేయించుకుంటాడు. వాడు ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు, కానీ నిన్న సాయంత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చి ఎమరీ కాగితం నీళ్ళలో ముంచి ప్రైమర్ రుద్దుతూ కూర్చున్నాడు.

కుడిపక్క సిల్ అయిపోయింది. తలుపు బిగించి చూడాలట, పట్టుకోడానికి నలుగురు కావాలని మిస్త్రీ పిలుస్తున్నాడు. వెళ్తాను అండీ. ఆ తలుపు సరిగ్గా పడిందో లేదో వచ్చే ఎపిసోడ్ లో చెప్తా.