నెత్తురును ఆపు నిప్పు

రక్తస్రావమును ఆపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అను నాలుగు మార్గములను సుశ్రుతుడు చెప్పెను. తక్కినవి విఫలమైనప్పుడే నిప్పును వాడవలెననెను. నిప్పును చివరకుంచిన ఆ వివేకము మెచ్చదగినది.

1926లో బోస్టన్ నగరమున హార్వే కుషింగ్, బోవీ నిర్మించిన విద్యుద్యంత్రముతో ఆ నిప్పునకు కొత్త రూపమిచ్చెను. అది కోయును, నెత్తురును ఆపును. అయితే అందలి విద్యుత్తు రోగి దేహము గుండా సాగి, ఒంటికి తగిలించిన పలకను చేరును.

అర్ధశతాబ్ది గడచినపిదప, 1978లో మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఒక బధిరుని కర్ణావర్తమున, అనగా నత్తగుల్లవంటి లోపలిచెవిలో, విద్యుత్తంతులను అమర్చెను. నేటి కాక్లియర్ ఇంప్లాంటు అట్టిదే. మన పేదబిడ్డలకు దానిని 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ అందుబాటులోనికి తెచ్చెను.

ఆనందపురము నుండి బిడ్డనెత్తుకొని విశాఖకు పోవు తల్లి, చెవి వెనుక కోసిన ఎంత నెత్తురు పోవునోయని భయపడుట సహజమే. పదికిలోల బిడ్డ మేనిలోని రక్తము సుమారు 800 మిల్లీలీటర్లే గదా! అందుచే కోతకు ముందే చర్మము క్రింద అడ్రినలిన్ కలిపిన మందు ఎక్కింతురు, రక్తనాళములు ముడుచుకొనును. ఎముక నుండి స్రవించు నెత్తురును వజ్రపుపొడి పొదిగిన బరమాతోనో, మైనముతోనో ఆపుదురు. ముఖనాడి ప్రక్కనే యుండును గనుక తొందర కూడదు.

సాధనమును లోనికి తెచ్చుటకు ముందే నెత్తురు పూర్తిగా ఆగవలెను. ఆ పిదప బోవీ పద్ధతి విద్యుత్తు నిషిద్ధము: అది తంతులను పట్టి పోయినచో లోపలిచెవి కాలును, సాధనమును చెడును. రెండు మొనల నడుమనే విద్యుత్తు పారు పట్టకారును, అదియు తంతులకు దూరముగా, వాడవచ్చును.

ఈ నిషేధము ఆనాటితో తీరదు. కొన్నేండ్లకు ఆ బిడ్డకు టాన్సిల్సు తీయవలసివచ్చినను, చెవిలో సాధనమున్నదని తల్లి వైద్యునికి ముందే చెప్పవలెను.