విజయవాడ రోడ్డు: బండి, బస, చక్రాల మీది ఇల్లు

మోటారు వెనక చిన్న ఇంటిని తగిలించుకుని ఊళ్లు తిరిగే అలవాటు అమెరికాలో 1920, 30 దశకాల్లో బలపడింది. 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ లాంటి అల్యూమినియం ట్రైలర్లంటే అక్కడ ఇప్పటికీ మోజు. వాటిని పాత పికప్ ట్రక్కులతో లాగుతూ తిరిగేవారున్నారు. హైదరాబాదుకు తూర్పు వాకిలి లాంటి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మీదుగా విజయవాడ రోడ్డున వందల ఏళ్లుగా సరుకూ జనమూ సాగుతున్నా, ఇంటి ట్రైలరు మాత్రం ఈ దారికి అలవాటు కాలేదు. పేదరికం ఒక్కటే దానికి కారణమనుకుంటే పొరపాటు. బాటసారికి కావలసిన బస ఇక్కడ బాట పక్కనే ఉండేది.

ఈ విజయవాడ రోడ్డు (నేటి 65వ నంబరు జాతీయ రహదారి, 2010కి ముందరి 9వ నంబరు) స్థూలంగా గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే పాత బాట వెంటే సాగుతుంది. 17వ శతాబ్దంలో ఈ దారిన వెళ్లిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియే, చెరువులూ ఏళ్లూ కొండదారులూ అడ్డం కావడంతో ఇక్కడ పెద్ద బండ్లు నడవవనీ, సరుకు ఎద్దుల వీపు మీద పోతుందనీ రాశాడు. తన చిన్న బండిని సైతం కష్టమైన చోట్ల విప్పి దాటించుకోవలసి వచ్చింది. అలాంటి దారిలో నగరం విడిచాక తగిలే మజిలీ హయత్‌నగర్. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరిది. ఇక్కడి మసీదు ఆవరణ చుట్టూ బాటసారుల కోసం గదులు వరసగా కట్టారు. పక్కన హాథీ బావి అనే పెద్ద దిగుడుబావి ఉంది. తల దాచుకోను చోటు, తాగను నీళ్లు, పశువులను కట్టేసుకోను జాగా ఒక్కచోటే దొరికినప్పుడు ఇంటిని వెంట మోసుకుపోవలసిన పని ఉండదు. ఈ రోడ్డు చరిత్ర తెలుసుకోవాలంటే మొదట చూడవలసిన కట్టడం ఇదే. ఇంతకంటే మంచి సంరక్షణ దీనికి దక్కాలి.

సంసారాన్ని వెంట తీసుకుపోయినవారు లేకపోలేదు. కోస్తా ఉప్పును లోపలి సీమలకు, లోపలి ధాన్యాన్ని ఇతర ప్రాంతాలకు చేరవేసిన లంబాడీలు పెళ్లాం బిడ్డలతో, ఎద్దుల మందలతో కదిలేవారు. 19వ శతాబ్దంలో రైళ్లు, మెరుగైన రోడ్లు వచ్చి వారి రవాణాను దెబ్బతీశాయి. వారిలో చాలామంది తండాలు కట్టుకుని సేద్యానికి, పశుపోషణకు మళ్లారు.

రోడ్లు బాగుపడ్డాక ఎడ్లబండి నిలదొక్కుకుంది. బరువు లాగడంలోని మెలకువ బండి తోలే రైతుకు చేతి అలవాటుగా వచ్చినదే. బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎడ్ల మెడల మీద నిలవదు; ముందు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. మోటారు ట్రైలరుకూ ఇదే సూత్రం. మొత్తం బరువులో పదోవంతు నుంచి కాస్త ఎక్కువ వరకు లాగే బండి కొక్కెం మీద పడాలి. వెనక బరువు పెరిగితే వేగంలో ట్రైలరు అటూ ఇటూ ఊగి, ముందున్న బండిని కూడా దారి తప్పిస్తుంది. పాత ట్రక్కుతో లాగేటప్పుడు ఇంజను బలం కన్నా బ్రేకుల మీద ఎక్కువ కన్నేయాలి. ట్రాక్టరు ట్రాలీలకు చాలావాటికి సొంత బ్రేకులుండవు, అందుకే పల్లంలో వెనక బరువు ముందు బండిని తోసుకొస్తుంది. చట్టం దృష్టిలో ట్రైలరు వేరే వాహనం. దానికి విడిగా రిజిస్ట్రేషను ఉండాలి.

ఎడ్లబండి తరవాత మోటారు వంతు. నిజాం రాజ్య రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. టాటాలు 1954లో డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకున్నాక దేశమంతటా లాగే ఈ రోడ్డు మీదా టాటా లారీలు నిండాయి. కంపెనీ నుంచి ఛాసిస్ వచ్చేది. క్యాబినూ బాడీ షెడ్లలో కట్టించుకోవలసిందే. డ్రైవరు వెనక పడుకునే బల్ల, దేవుడి పటాలు, క్లీనరు వంట సామాను పెట్టుకునే మూల అలా తయారయ్యాయి. వారాల తరబడి దారి మీదుండే మనిషికి ఆ క్యాబినే ఇల్లు. ఎల్బీనగర్ దాటాక వనస్థలిపురం ఆటోనగర్ లారీ బాడీలు కట్టే పనులకు ప్రసిద్ధి.

చక్రాల మీది ఇంటికి తెలుగునాట అందరూ ఎరిగిన ఉదాహరణ ఎన్.టి. రామారావు చైతన్యరథం. ఒక పాత షెవ్రోలే వ్యానును పైకెక్కి ప్రసంగించేలా మార్చి, 1982లో ఆయన రాష్ట్రమంతా తిరిగారు. కొడుకు హరికృష్ణ నడిపారు. తిండి, నిద్ర చాలావరకు అందులోనో, రోడ్డు పక్కనో జరిగాయి. 1983 జనవరిలో తెలుగుదేశం అధికారంలోకి వచ్చింది. రాజకీయాలతో నిమిత్తం లేకుండా చూసినా, పాత బండిని నివాసంగా మలచి అంత దూరం నడపడం మన మోటారు చరిత్రలో గుర్తుంచుకోదగినది.

అంతగా ఎవరూ పట్టించుకోని ఉదాహరణ బోరుబావి లారీలది. 2004లో కృష్ణా నీళ్లు హైదరాబాదుకు చేరకముందు తూర్పు శివారు కాలనీలకు బోరే పెద్ద దిక్కు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు తవ్వే జట్లకు సాధారణంగా రెండు లారీలుంటాయి: ఒకదాని మీద రిగ్గు, రెండోదాని మీద పైపులూ డీజిలూ సామానూ. కూలీలు నెలల తరబడి ఆ లారీల మీదే వండుకుని, తిని, నిద్రపోతారు. సరదాగా తిరిగే ట్రైలరు రాని దారికి పని కోసం తిరిగే ఇల్లు ఇలా వచ్చింది.

విజయవాడ రోడ్డు నాలుగు వరసలయ్యాక, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కలిశాక బరువు లారీలు చాలా వరకు నగరం బయటే మళ్లుతున్నాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు సైతం బాటసింగారానికి తరలింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో రాత్రి పూట స్లీపర్ బస్సు ఎక్కినవారు పడకలో పడుకుని తెల్లవారేసరికి కృష్ణా తీరం చేరుతున్నారు. హయత్‌నగర్‌లో మజిలీ చేసే అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు.