వార్షిక రహస్య నివేదిక

వార్షిక రహస్య నివేదిక అనగా ప్రభుత్వోద్యోగి ఒక సంవత్సర కాలంలో చేసిన పనిని గురించి, అతని నడవడిని గురించి పై అధికారి వ్రాసే మదింపు పత్రము. కార్యాలయాలలో దీనిని "సి.ఆర్." అని వ్యవహరించేవారు. కేంద్ర ప్రభుత్వ సర్వీసులలో 2009 నుండి దీని పేరు వార్షిక పనితీరు మదింపు నివేదికగా మారింది. వాడుకలో "ఏపార్" అంటారు. ఉద్యోగి పదోన్నతి ప్రధానంగా ఈ నివేదికలపై ఆధారపడి ఉంటుంది. ఇందులోని అభిప్రాయము తరచు ఒకటి రెండు మాటలకు మించదు. ఆ మాటకు అసలు అర్థమేమిటి, దానిని ఉద్యోగికి చెప్పాలా వద్దా అన్న వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది.

వ్రాసే విధానం

మొదట ఉద్యోగి తాను చేసిన పనిని స్వయంగా వివరిస్తాడు. దానిపై నివేదించే అధికారి తన అభిప్రాయము వ్రాస్తాడు. ఆ పైన సమీక్షించే అధికారి దానితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. 2009 నాటి కేంద్ర ఉత్తర్వుల ప్రకారం పూర్తిచేసిన పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30 శాతం, విధి నిర్వహణ సామర్థ్యానికి 30 శాతం విలువ ఉంటుంది. పదికి 8 నుండి 10 వస్తే "అవుట్‌స్టాండింగ్", 6 నుండి 8 లోపు వస్తే "వెరీ గుడ్", 4 నుండి 6 లోపు వస్తే "గుడ్" అని శ్రేణి నిర్ణయిస్తారు. అంకెలతో పాటు ఉద్యోగిని గురించి కొన్ని వాక్యాల వర్ణన కూడా ఉంటుంది.

మంచి మాట చేసే చెరుపు

పూర్వపు పద్ధతిలో ప్రతికూల వ్యాఖ్యలను మాత్రమే ఉద్యోగికి తెలియజేసేవారు. "గుడ్", "సంతృప్తికరం" వంటివి ప్రతికూలమైనవి కావు గనుక అవి దస్త్రంలోనే ఉండిపోయేవి. అయితే పై పదవికి "వెరీ గుడ్" కనీస ప్రమాణమైనప్పుడు "గుడ్" అన్న మాటే పదోన్నతికి అడ్డుపడుతుంది. అనగా వ్యాఖ్య విలువ ఆ మాటలో లేదు, దానిని కొలిచే ప్రమాణంలో ఉంది. ఆ ప్రమాణము కూడా మారుతూ ఉంటుంది. ఉదాహరణకు ఏడవ వేతన సంఘం సిఫారసు మేరకు, పదోన్నతి లేనివారికి ఇచ్చే ఆర్థిక ఉన్నతి పథకంలో కనీస శ్రేణిని 2016 జూలై 25 నుండి "గుడ్" బదులు "వెరీ గుడ్"గా మార్చారు.

ముఖ్యమైన తీర్పులు

* గురుదయాళ్ సింగ్ ఫిజీ కేసు (1979): ఉద్యోగికి తెలియజేయని ప్రతికూల వ్యాఖ్యను ఆధారం చేసుకొని పదోన్నతి నిరాకరించరాదు.
* ఉత్తరప్రదేశ్ జల నిగం కేసు (1996): ఒక ఏడాది ఉన్న శ్రేణిని మరుసటి ఏడాది బాగా తగ్గించినప్పుడు కారణాలు నమోదు చేయాలి, ఆ మార్పును సలహా రూపంలో ఉద్యోగికి తెలపాలి.
* దేవ్ దత్ కేసు (2008): ఈయన సరిహద్దు రహదారుల ఇంజనీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. పై పదవికి ఐదేళ్ళ నివేదికలలోను "వెరీ గుడ్" ఉండాలి. 1993-94 నివేదికలో మాత్రం "గుడ్" అని ఉంది. దానిని ఆయనకు తెలియజేయలేదు, పదోన్నతి దక్కలేదు. 2008 మే 12న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి శ్రేణిని తెలియజేయాలని, తెలపకపోవడం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని పేర్కొన్నది. సైనికాధికారులకు ఇది వర్తించదని కూడా చెప్పింది. అప్పటికే ఆయన పదవీ విరమణ చేశారు. వినతిపై శ్రేణి పెరిగి, వెనుకటి తేదీ నుండి పదోన్నతి లభిస్తే, వేతన బకాయిలను 8 శాతం వడ్డీతో చెల్లించాలని ఆదేశించింది.
* సుఖదేవ్ సింగ్ కేసు (2013): ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పై సూత్రాన్ని స్థిరపరచింది.

2009 మే 14 నాటి కేంద్ర ఉత్తర్వుతో పూర్తి నివేదికను ఉద్యోగికి చూపడం ఆచరణలోకి వచ్చింది. అతడు 15 రోజులలో వినతి చేసుకోవచ్చు.

అస్పష్ట వ్యాఖ్యను అర్థం చేసుకొనుట

నివేదిక చేతికి వచ్చినా "ఇంకా చొరవ చూపవలసి ఉన్నది" వంటి వాక్యము ఏమి చేయాలో చెప్పదు. దానిని ఈ క్రమంలో పరిశీలించవచ్చు.

# తరువాతి పదవికి కావలసిన శ్రేణి ఏది? వచ్చిన శ్రేణి దానికి సరిపోతుందా?
# గత సంవత్సరాలతో పోలిస్తే తగ్గిందా? తగ్గితే అధికారి మారారా, పని మారిందా?
# మూడు భాగాల అంకెలలో తక్కువ వచ్చినది ఎక్కడ? పనికి మంచి అంకెలు వచ్చి లక్షణాలకు తగ్గితే, లోపము పని పరిమాణంలో కాక పని చేసిన తీరులో కనబడిందని భావించవచ్చు.
# వర్ణన, అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా? వాక్యాలలో ప్రశంస ఉండి అంకె తక్కువైతే అది వినతికి బలమైన ఆధారము.

అప్పటికీ తేలకపోతే అధికారినే అడగడం ఉత్తమము. "నాలో లోపమేమిటి" అనే ప్రశ్నకు మరొక అస్పష్టమైన జవాబే రావచ్చు. "ఏ పనిలో చొరవ తక్కువైంది, అక్కడ నేను ఏమి చేసి ఉండవలసింది" అని అడిగితే జవాబు ఒక సంఘటనకు కట్టుబడుతుంది. ఉదాహరణ చెప్పలేని వ్యాఖ్యకు ఆధారము బలహీనమని గ్రహించవచ్చు. ఉదాహరణ చెప్పగలిగితే దిద్దుకొనుటకు దారి దొరుకుతుంది. వినతిలోనూ ఇదే పద్ధతి మేలు. తేదీలు, పూర్తిచేసిన పనులు, లక్ష్యాలు వ్రాయాలి. అధికారి ఉద్దేశాలను నిందించడం వలన వినతి బలం తగ్గుతుంది.

ప్రైవేటు సంస్థలలో

పై తీర్పులు ప్రభుత్వము, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు సంబంధించినవి. ప్రైవేటు ఉద్యోగికి ఇటువంటి హక్కు సంస్థ నియమాలలో ఉంటేనే లభిస్తుంది. కనుక మేనేజరుతో మాట్లాడిన వెంటనే, తనకు అర్థమైన విషయాన్ని రెండు మూడు వాక్యాలలో వ్రాసి పంపి సరిచూసుకోవడం అక్కడ మరింత అవసరము.

ఇవి కూడా చూడండి

* సహజ న్యాయసూత్రాలు
* భారత సుప్రీంకోర్టు
* సమాచార హక్కు చట్టం